గడప దాటాల్సిన పండగ

క్రిస్మస్ ఖర్చు తగ్గించుకుందామని అమెరికాలోని మన తెలుగు క్రైస్తవ సహవాసంలో ఎవరైనా అంటే, ముందు వచ్చే జవాబు "ఏడాదికొక్క పండగ, పిల్లల దగ్గర కూడా లెక్కలు చూసుకోవాలా?" అని. ఆ మాటలో ప్రేమ ఉంది. ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామందిమి చిన్నప్పుడు లేమి చూసినవాళ్ళమే. మనకు దొరకనివి పిల్లలకు దొరకాలనుకోవడంలో తప్పు లేదు. కానీ నవంబరులో బ్లాక్ ఫ్రైడే సేల్‌తో మొదలై, డిసెంబరు 26న కొన్న వస్తువులు వాపసిచ్చే కౌంటర్ ముందు క్యూతో ముగిసే ఈ నెలలో, కొన్నదంతా మన ఇంట్లోనే తిరుగుతోంది. ఇచ్చేదీ మనమే, పుచ్చుకునేదీ మనమే. నాకు బాధ కలిగించేది ఆ ఖర్చు కన్నా, పండగ గడప దాటి బయటికి వెళ్ళకపోవడం.

హైదరాబాదులో నేను పెరిగిన చిక్కడపల్లిలో క్రిస్మస్ బయటికి వెళ్ళే పండగ. మా వీధిలో క్రైస్తవ కుటుంబాలు తక్కువ. చుట్టుపక్కల చాలా ఇళ్ళలో గుడ్డు కూడా ముట్టరు. అందుకని అమ్మ గులాబీ పువ్వులు రెండు విడతలుగా వేసేది. మొదటి విడత గుడ్డు కలపకుండా, కొత్త నూనెలో, అందుకోసమే విడిగా దాచిన మూకుట్లో. అవి పొరుగువాళ్ళకి. మా కోసం వేసేవి ఆ తర్వాతే. స్టీలు డబ్బాల్లో సర్ది మా చేతికిచ్చి పంపేది. "అమ్మ ఇచ్చి రమ్మంది పిన్నిగారూ, గుడ్డు వెయ్యలేదు" అని తలుపు దగ్గరే చెప్పాలి, అది మర్చిపోకూడదు. ఏటిసూతకంతో ఆ ఏడు పొయ్యిమీద మూకుడు పెట్టని ఇల్లు ఉంటే అక్కడికి ఇంకో డబ్బా ఎక్కువ వెళ్ళేది. ఎవరు ఏం తింటారో, ఏం తినరో, ఎవరింట్లో ఈసారి పండగ లేదో అమ్మకి తెలుసు. ఇవ్వడానికి డబ్బు కన్నా ముందు కావలసింది ఆ ఎరుకే అని నా నమ్మకం. ఆ డబ్బాలు ఖాళీగా ఎప్పుడూ తిరిగి రాలేదు. సంక్రాంతికి అరిసెలతో వచ్చేవి.

మాకు కొత్తబట్టలు దర్జీ దగ్గర కుట్టించేవారు. నాన్న ఒకే తానులోంచి మాకూ, మా ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లలకూ కోయించేవారు. ఆ పిల్లలు, మేము ఒకే గళ్ళ చొక్కాలతో వీధిలో ఆడుకునేవాళ్ళం. చవకరకం బట్ట వేరే కొని ఇవ్వవచ్చు, చాలామంది అలాగే ఇచ్చేవారు కూడా. నాన్న అందుకు ఒప్పుకోలేదు. కారణం ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నారాయణగూడ బాప్టిస్టు చర్చి వైపు, వై.ఎం.సి.ఏ. వైపు డిసెంబరు రాగానే సందడి మొదలయ్యేది. సెమీ క్రిస్మస్‌లు, ఇళ్ళ మీద నక్షత్రాలు, రాత్రిళ్ళు డోలక్, గిటారు పట్టుకుని యూత్ వాళ్ళు కేరల్స్‌కి బయల్దేరడం. ఏ అర్ధరాత్రికి వస్తారో తెలియకపోయినా ప్రతి ఇంట్లోనూ వాళ్ళ కోసం టీ మరిగేది. ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు.

పుచ్చుకునేవాళ్ళ మర్యాద చూసి ఇచ్చే ఈ తీరు మన సంఘ చరిత్రలో కూడా ఉంది, మన పిల్లలకి దాన్ని ఎవరూ చెప్పడం లేదు. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్ళు చేయి చాచకుండా, పని చేసి కూలి తీసుకుని తినాలని. అప్పుడు బాప్తిస్మం ఇవ్వమని అడిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. కరువు ఉన్నంతకాలం ఆయన ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ విశ్వాసం మార్చుకోకూడదన్నది ఆయన పట్టుదల. కరువు తెరిపిచ్చి సహాయం పంచడం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యని మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు నెలల తరబడి ఆయన కాదన్న సంగతి నాకు ఆ సంఖ్య కన్నా పెద్దది.

మెదక్ చర్చి కథా అలాంటిదే. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు. కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జనానికి అది పనికి ఆహారం. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, దాన్ని ప్రతిష్ఠించారు. 175 అడుగుల ఆ గోపురాన్ని చూడటానికి వెళ్ళే మన పిల్లలకి, దాని రాళ్ళు మోసినవాళ్ళ ఇళ్ళలో అప్పుడు పొయ్యి వెలిగిందని కూడా చెప్పాలి.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో, పండగ రోజు జనాన్ని ఇంటికి వెళ్ళి బాగా తినమంటూనే, ఏమీ వండుకోలేనివాళ్ళకి వంతులు పంపమని కూడా చెబుతారు. తినడం, పంపడం రెండూ ఒక్క ఆజ్ఞలోనే ఉన్నాయి. పస్తుండమని గాని, సంతోషం మానుకోమని గాని అక్కడ లేదు.

పండగ ఖర్చు తగ్గించుకోవడం అమెరికాలోనూ కొత్త ఆలోచన కాదు. రచయిత బిల్ మెకిబ్బెన్ తన మెథడిస్టు చర్చి మిత్రులతో కలిసి, ఒక్కో కుటుంబం పండగ కానుకల ఖర్చుని వంద డాలర్లకు పరిమితం చేసుకోమని పిలుపునిచ్చారు. 1998లో దాని మీద ‘హండ్రెడ్ డాలర్ హాలిడే’ అనే చిన్న పుస్తకం రాశారు. తక్కువ కొంటే మనుషులకూ, పాటలకూ, తీరికకూ చోటు దొరుకుతుందని ఆయన వాదన. 2006లో ముగ్గురు పాస్టర్లు మొదలుపెట్టిన ‘అడ్వెంట్ కాన్‌స్పిరసీ’ మరో అడుగు వేసి, అలా మిగిలిన డబ్బుని తాగునీరు లేని ఊళ్ళకు పంపమంది. ఈ రెండోది లేకపోతే మొదటిది ఉత్త పొదుపుగానే మిగిలిపోతుంది.

మరి మన డబ్బు ఎక్కడికి వెళ్ళాలి? నా మనసు హైదరాబాదులోని అశోక్‌నగర్ వైపు పోతుంది. ఇందిరా పార్కు నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా ఆ సందుల నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెస్సులు. గ్రూప్స్ కోసం, పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున సీటు పట్టుకుంటే రాత్రికే లేస్తారు. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. 2024లో గ్రూప్-2 పరీక్షలు డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగాయి. మనం లైట్ల తోరణాలు కట్టుకునే రోజుల్లో వాళ్ళు పరీక్ష రాశారు. పరీక్షలు లేని ఏడు కూడా పండగకి ఊరెళ్ళనివాళ్ళు ఉంటారు. బస్సు చార్జీ ఒక కారణం. "ఉద్యోగం ఏమైంది బిడ్డా?" అని అడిగే చుట్టాల ఎదుట నిలబడలేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

మా సహవాసంలో కొన్ని కుటుంబాలం ఒక ఒప్పందానికి వచ్చాం. పిల్లలకు తలా ఒక్క కానుక, అదీ వాళ్ళు నిజంగా కోరుకున్నది. పెద్దవాళ్ళ మధ్య కానుకలు లేవు, సీక్రెట్ శాంటా లేదు. మిగిలిన డబ్బు అశోక్‌నగర్‌లో మాకు తెలిసిన ఒక మెస్ యజమానికి పంపుతాం. ఎవరి నెల బిల్లు కట్టాలో ఆయనకే తెలుసు, మాకు పేర్లు చెప్పరు. వాళ్ళకీ మా పేర్లు తెలియవు. బ్యానరు లేదు, ఫోటో లేదు, కరపత్రం లేదు. ఏ మతమని అడిగేది లేదు. ఈ షరతు దగ్గర మాలో కొంత వాదన జరిగింది. సువార్త ఒక్క మాటైనా చెప్పవద్దా అని ఒక పెద్దాయన బాధపడ్డారు. ఆయన బాధ నిజమైనదే. నేను క్లౌ కథ చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, సరే అమ్మా అన్నారు.

దూరాన ఉన్నవాళ్ళకి పంపి, పక్కనున్నవాళ్ళని మర్చిపోతే అమ్మ ఒప్పుకునేది కాదు. ఎం.ఎస్. చదవడానికి వచ్చి, సెలవుల్లో ఇంటికి వెళ్ళే టిక్కెట్టు కొనుక్కోలేని పిల్లలు మనం ఉండే ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చాలామందికి కారు ఉండదు, డిసెంబరులో బస్సులు తగ్గిపోతాయి. క్రిస్మస్ రోజు వాళ్ళని తీసుకొచ్చి తిరిగి దింపే పని మా అబ్బాయిలు తీసుకున్నారు. వంటలో శాకాహారం ముందు వండుతాం, బిర్యానీ తర్వాత.

పోయినసారి మెస్ యజమాని ఫోనులో ఒక మాట చెప్పారు. పండగ నెలలో ఎవరో ఒకరు అన్నం పెడతారట. ఫిబ్రవరిలో, ఇంటి నుంచి డబ్బు ఆలస్యమై, నోటిఫికేషన్ ఇంకా రాక, బిల్లు బాకీ పడ్డవాళ్ళు రాత్రిపూట తినడానికి రావడం మానేస్తారట. అందుకని ఈ ఏడు డబ్బు డిసెంబరులో ఒక్కసారే పంపకుండా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు విడదీసి పంపుతున్నాం.