చూడబోయినది – చూచినది

ధ్యానమునకు: నిర్గమకాండము 14, 16 అధ్యాయములు, కీర్తనలు 107:23–31



మన సంఘపు పెద్దలలో ఒకరు, అమెరికాలో నర్సుగా పనిచేయుచున్న తమ కుమార్తెను చూచుటకు భార్యతోకూడ వెళ్లి వచ్చిరి. తలిదండ్రులను సంతోషపెట్టవలెనని ఆ బిడ్డ అదనముగా రాత్రి డ్యూటీలు చేసి, కూడబెట్టిన సొమ్ముతో వారిని విహారనౌకలో హవాయి దీవులకు తీసికొనిపోయెను. తిరిగి వచ్చిన తరువాత ఒక సాయంకాలము ఆయన మా అరుగుమీద కూర్చుండి, అచ్చట జరిగినదంతయు చెప్పి, "అయ్యగారూ, ఇది పత్రికలో వ్రాయండి. నా పేరు మాత్రం వద్దు" అనిరి. అందుచేత వ్రాయుచున్నాను.

పసిఫిక్ మహాసముద్రములోని ఆ దీవులన్నియు సముద్రగర్భమునుండి లేచిన అగ్నిపర్వతములే. వాటిలో మిక్కిలి పెద్ద దీవికి కూడ హవాయి అనియే పేరు. అందలి మౌనలోవా పర్వతము 2022వ సంవత్సరములో కూడ నిప్పులు గ్రక్కినది. ఆ దీవియందలి కైలువా అను ఊరి యెదుట పెద్ద ఓడలు దూరముగా లంగరు వేయగా, చిన్న పడవలమీద జనులను ఒడ్డునకు చేర్చుదురు. అక్కడికి దక్షిణముగా కెయలకెకువా అను అఖాతమున్నది. చల్లారిన లావా రాళ్లమీద పగడములు పెరిగి, వాటి నడుమ రంగురంగుల చేపలు తిరుగాడు స్థలమది. 1969 నుండి దానిని ప్రభుత్వము రక్షిత ప్రదేశముగా ఉంచినది. అచ్చటికి పోయినవారు ముఖమునకు అద్దము బిగించుకొని, నోట గాలి గొట్టముంచుకొని, నీటిమీద బోర్ల తేలుచు క్రింది వింతలు చూతురు. దీనిని స్నార్కెలింగ్ అందురు.

పెద్దగారికి ఈత రాదు. కుమార్తె నీటిలో దిగి, లోపలి వింతలను చిన్న కెమెరాతో పట్టి తెచ్చి తండ్రికి చూపవలెనని తలంచెను. అయితే ఆ దినమున సముద్రము మంచిగా లేదు. ఎక్కడనో దూరమున రేగిన తుపాను అలలు వచ్చి అడుగు మట్టిని కలియబెట్టినవి. పడవ నిండ జనము. సగముమందికి వాంతులు. ఆ బిడ్డ దిగినదేగాని, అద్దములోనికి నీరు చొచ్చెను, గొట్టములోనికి ఉప్పునీరు వచ్చెను. బూడిదరంగు నీరు, ఎవరివో కాళ్లు, రెండు మూడు పచ్చని చేపలు, ఇంతే కనబడినది. అరగంటకే అందరిని పైకి రమ్మనిరి. ఆమె చలికి వణకుచు వచ్చి కెమెరా చూపగా, అందులో మసక తప్ప మరేమియు లేదు.

అప్పుడు పెద్దగారు, "ఇంత డబ్బు పోసి ఈ మురికి నీళ్లు చూడటానికా మమ్మల్ని తెచ్చావు? మన ఊరి చెరువే నయం" అనిరట. పడవలో తెలుగు తెలిసినవారు ముగ్గురే గదా! ఆ ముగ్గురిలో ఒకతె తల వంచుకొని తువాలుతో ముఖము తుడుచుకొనెను. అది సముద్రపు నీరనుకొంటినని పెద్దగారు నాతో చెప్పిరి.

కైలువా ఒడ్డునకు తిరిగి వచ్చిన తరువాత, ఓడకు చేర్చు పడవ ఆలస్యమగుటచేత వారు ఎదురుగానున్న మొకువైకావా దేవాలయపు ప్రహరీయొద్ద కూర్చుండిరి. ఆ దీవులలో మొదటి క్రైస్తవ సంఘము అదియే. 1819 అక్టోబరులో బోస్టను విడిచిన మిషనరీలు, అయిదు నెలలకు పైగా సముద్రముమీద అలమటించి, 1820 ఏప్రిలులో ఆ ఒడ్డుననే దిగిరి. ఇప్పుడున్న కట్టడము 1837లో ముగిసినది. దాని గోడలు అగ్నిపర్వతపు నల్లరాయి. ఆ రాళ్లను కలిపినది పగడములను కాల్చి చేసిన సున్నము.

ఆ మిషనరీలను అచ్చటికి కదిలించినదెవరు? ఒక అనాథ బాలుడు. అతని పేరు ఒపుకహాయియా. యుద్ధములో తలిదండ్రులు చంపబడగా, అతడు కెయలకెకువా అఖాతపు ఒడ్డున తన మేనమామయొద్ద పెరిగెను. ఆ నీటిలోనే ఈది ఒక అమెరికా ఓడను చేరుకొనెను. దూరదేశములో ప్రభువును ఎరిగి, తన ప్రజలకు సువార్త తీసికొనిపోవలెనని ఎంతో ఆశించి, ఆ ఆశ తీరకమునుపే 1818లో జ్వరముచేత చనిపోయెను. అతని జీవితకథ చదివిన వారే ఓడ ఎక్కిరి. 1993లో అతని అస్థికలను తెచ్చి ఆ అఖాతమునకు ఎగువనున్న దేవాలయపు ఆవరణలో సమాధి చేసిరి.

ఈ సంగతులు ఆ బిడ్డయే తండ్రికి చెప్పెను. ఆయన వినలేదు. "ఊఁ" అని ఓడవైపు చూచుచు కూర్చుండిరి.

ప్రియులారా, 107వ కీర్తనలో ఓడలెక్కి సముద్రముమీద వ్యాపారము చేయువారిని గూర్చి చదువుదుము. వారు లోతునీళ్లలో యెహోవా అద్భుతములు చూచిరని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. ఏవి ఆ అద్భుతములు? క్రింది వచనములు చదివి చూడుడి. రంగు చేపలు కావు, పగడములు కావు. పెనుగాలి, అలలు, మత్తునివలె తూలుట, మొఱ్ఱపెట్టుట, తరువాత నెమ్మది. వారికి సముద్రము చెడినప్పుడే దేవుని కార్యము కనబడినది.

ఇశ్రాయేలీయులను చూడుడి. వారు అద్దమును గొట్టమును లేకుండ సముద్రపు అడుగున ఆరిన నేలమీద నడచిరి. కుడిప్రక్కను ఎడమప్రక్కను నీరు గోడవలె నిలిచెను. అంతటి వింత చూచినవారెవరు? అయినను ఐగుప్తు విడిచి నెల దినములు గడచెనో లేదో, కూటికొరకు సణుగసాగిరి. కాబట్టి కన్నులు గొప్ప వింత చూచినంతమాత్రమున నోటి సణుగుడు మానదు. ఆ దినమున నీరు నిర్మలముగా ఉండి వేయి చేపలు కనబడినను, కృతజ్ఞతలేని హృదయము మధ్యాహ్న భోజనమును గూర్చి సణుగును.

ఇతరుల తప్పు వ్రాసి నా తప్పు దాచుట న్యాయము కాదు. గడచిన కోతపండుగనాడు ఒక విధవరాలు చిన్న సంచిలో బియ్యము తెచ్చి పీఠమునొద్ద ఉంచెను. ఇంటికి తెచ్చి చూడగా అందులో రాళ్లున్నవి. "దేవునికి ఇచ్చేది ఇట్లాగేనా?" అని నేనంటిని. నా భార్య చేట తీసికొని మాటలాడక ఏరెను. ఆ వారము ఆమెకు కూలి దొరకలేదనియు, తాను తిను బియ్యములోనుండియే తెచ్చెననియు నాకు తరువాత తెలిసినది. నేను రాళ్లను చూచితిని, ఆమెను చూడలేదు. పెద్దగారి కథ విన్నప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది ఆ సంచియే. మరునాడు నేను ఆమె ఇంటికి వెళ్లితిని.

పెద్దగారు కూడ ఆ రాత్రి కుమార్తెకు ఫోను చేసిరి. "అమ్మా, అంత దూరం తీసుకెళ్లావు. నేను ఒక్క మంచి మాట అనలేదు. నన్ను క్షమించు" అనిరి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నాన్నా, నాకు కూడా నీళ్లంటే భయమే. మీకు చూపించాలనే దిగాను" అనెను. ఈ మాట చెప్పునప్పుడు పెద్దగారి గొంతు పూడుకొనిపోయెను.

సహోదరులారా, మన కొరకు భయపడుచునే నీటిలో దిగినవారు మన ఇండ్లలో ఎందరున్నారో! పొగలో వండిన భార్య, అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రి, పట్నమునుండి సగము జీతము పంపు కుమారుడు. కూరలో ఉప్పు ఎక్కువైనదని, డబ్బు ఆలస్యమైనదని మనకు తెలియును. ఇచ్చిన చెయ్యి వణకినదని తెలియునా? మనకొరకు మరణపు లోతులలోనికి దిగిన ప్రభువును ఎరిగినవారము ఈ సంగతి ఎరుగకుండుట తగునా?

వచ్చు ఆదివారము ప్రభుబల్లయొద్దకు రాకమునుపు, ఎవరి ప్రేమను మనము సణిగి త్రోసివేసితిమో వారియొద్దకు వెళ్లుదము. దూరముననున్నవారికి ఫోను చేయుదము. ఆలస్యమైనది అనుకొనవద్దు.

ప్రభువా, మాకు ఇచ్చినవారిని చూచు కన్నులు దయచేయుము. ఆమేన్.