బెదిరించే పాట ఎంతకాలం నిలుస్తుంది? ‘మాభూమి’ గేయాలపై ఒక నైతిక పునఃపరిశీలన

ఒక పాట శత్రువును పిలిచి, అతనికి గోరీ కడతామని హెచ్చరిస్తుంది. ఆ శత్రువు గద్దె దిగి డెబ్బై అయిదేండ్లు దాటింది. పాట మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. అన్యాయాన్ని ఎదిరించడానికి పుట్టిన హింసాత్మకమైన మాట, ఆ అన్యాయం రూపం మారిన తరువాత కూడా నైతికంగా నిలుస్తుందా? ‘మాభూమి’ (1980) చిత్రంలోని పాటలను, ముఖ్యంగా ‘బండెనక బండి’ గేయాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

రెండు కాలాల పాట

1946 జూలై 4న నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అదే దేశ్‌ముఖ్‌తో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన భూమి కోసం తలపడింది. 1951 అక్టోబరు దాకా సాగిన ఆ పోరాటమే బండి యాదగిరి ‘బండెనక బండి’కి, సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడ’కు నేపథ్యం. అయితే నేటి శ్రోతకు ఈ పాటలు చేరింది ప్రధానంగా చలనచిత్రం ద్వారానే. కృషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ఆ చిత్రంలో ‘బండెనక బండి’ని గద్దర్ పాడాడు. గద్దర్ తరువాతి తరపు ఉద్యమానికి గొంతుక. కనుక 1980 నాటికే ఆ పాటలో పేరు నైజాముదైనా, గురి అప్పటి భూస్వామి వైపు మళ్లింది. విమర్శకుని ముందున్నది రెండు కాలాలు కలిసిన పాఠం.

సంబోధనలోని తిరుగుబాటు

తెలంగాణ పలుకుబడిలో ‘కొడుకా’ అన్న సంబోధన రెండు విధాల పనిచేస్తుంది. తల్లి నోట అది వాత్సల్యం, తగాదాలో ఈసడింపు. గడీ ముందు ‘నీ బాంచెన్’ అనవలసి వచ్చిన మనిషి ఆ గడీని కాచిన ప్రభువును ఏకవచనంలో పిలవడమే ఈ పాటలోని మొదటి తిరుగుబాటు. గోరీ మాట ఆ తరువాతిది.

అంతమాత్రాన బెదిరింపును అలంకారమని సరిపెట్టుకోలేం. ఆ పోరాటంలో రెండు పక్షాలా ప్రాణాలు పోయాయి. ‘పాటే కదా’ అని తేలిక చేయడం పాడినవారి సంకల్పాన్ని కాదనడమే. ‘అప్పటికి అది న్యాయమే’ అన్న సమాధానమూ చాలదు. ఇటువంటి పాటలో శత్రువు స్థానంలోకి ఎవరినైనా తేవచ్చు. పాలకుని మీద పెట్టిన గురి ఒక కులం మీదికో ప్రాంతం మీదికో జారితే, స్వరం అదే అయినా న్యాయం అదే కాదు.

అమెరికాలో గ్యాంగ్‌స్టా రాప్‌పై సాగిన చర్చలోనూ ఈ చిక్కే ఉంది. కాంప్టన్ యువకుల బృందం ఎన్.డబ్ల్యు.ఏ. 1988లో వెలువరించిన ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ ఆల్బమ్ పోలీసు దౌర్జన్యానికి బెదిరింపుతోనే బదులు చెప్పింది. 1989లో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు దానిని ఆక్షేపిస్తూ రికార్డింగు సంస్థకు లేఖ రాశారు. 1992లో లాస్ ఏంజెలెస్ భగ్గుమన్నప్పుడు ఆ ఆగ్రహానికి ఆధారం ఉందని చాలామంది గుర్తించారు. కాని ఆ ఆల్బమ్‌లో అవే గొంతులు స్త్రీలను నీచపరుస్తాయి. పోలీసు ముందు బాధితుడైన ‘నేను’ స్త్రీ ముందు దొర అవుతాడు. ఫిర్యాదు నిజమైనంత మాత్రాన ఫిర్యాదీ ప్రతి మాటా న్యాయమైపోదు.

‘మనం’లో ఎవరు?

‘బండెనక బండి’లో ఆ నీచత్వం లేదు. దాని లోపం మౌనం. ఐలమ్మ నేలమీద నిలిచిన ఉద్యమపు పాటే అయినా, అందులోని ‘మనం’లో స్త్రీకి విడిగా గొంతు లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ మౌనానికి జవాబు. పోరాటం తమకు ఇచ్చిన స్వేచ్ఛను, అది ముగిశాక తిరిగి ఇంటి హద్దుల్లోకి చేరవలసి రావడాన్ని ఆ స్త్రీలు అందులో చెప్పుకున్నారు. వారి మాటలు పాటను రద్దు చేయవు. అది ఎంతవరకు చూడగలిగిందో తెలియజేస్తాయి.

గౌరవమూ ఒక పరీక్షే

2017లో కాంప్టన్ ఆల్బమ్ అమెరికా జాతీయ ధ్వనిముద్రణల పరిరక్షణ జాబితాలో చేరింది. 2023 ఆగస్టు 6న మరణించిన గద్దర్‌కు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నేడు రాష్ట్ర చలనచిత్ర పురస్కారాలు ఆయన పేరిటే ఉన్నాయి. రాజ్యాన్ని హెచ్చరించిన గొంతును రాజ్యమే గౌరవించడం తప్పు కాదు. అయితే ఆ గౌరవంలో పాట వారసత్వ సంపదగా మారి, తన సంబోధితుణ్ణి కోల్పోయే ప్రమాదం ఉంది. అప్పుడు అందరూ చప్పట్లు కొడతారు, ఎవరికీ తగలదు.

2016లో ఉమ్మడి వరంగల్లు నుండి ఏర్పడిన జిల్లాలనే చూడవచ్చు. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ మండలాల్లో పోడు భూమి, భూపాలపల్లిలో బొగ్గు కోసం పోయే భూమి ఇంకా ప్రశ్నలుగానే ఉన్నాయి. కాని అక్కడ ఎదురుగా దొర లేడు. అటవీ హక్కుల చట్టం (2006) కింద పెట్టుకున్న దరఖాస్తు, సర్వే హద్దు, భూసేకరణ నోటీసు ఉన్నాయి. నోటీసును ఏకవచనంలో పిలిచి హెచ్చరించడం ఎట్లా? ముఖం ఉన్న శత్రువు కోసం పుట్టిన పాట ఇక్కడ తడబడుతుంది.

కాబట్టి ‘బండెనక బండి’ అణగిన మనిషి తలెత్తిన క్షణానికి సాక్ష్యంగా నిలుస్తుంది, తీర్పుగా నిలవదు. శత్రువెవరో, శిక్ష ఏమిటో ప్రతి తరమూ తన వివేకంతోనే తేల్చుకోవాలి. తరగతి గదిలో ఈ పాటను ఆ స్త్రీల కథనాల పక్కన చదివించాలి. నేడు పాడేవారు ఎవరు, వినవలసినవారు ఎవరు అన్న ప్రశ్ననూ వదలకుండా అడగాలి. వినవలసినవారిలో తామూ ఉండవచ్చునని పాడేవారు ఒప్పుకున్నంతకాలం ఆ పాటకు నైతిక బలం ఉంటుంది.