కొనగలిగినవాళ్లం మనమే

ఉద్యోగంలో చేరి పదేళ్లు దాటాక మనలో చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. ఎక్కడో ఒక స్థలం కొనాలి, నాలుగు గదులు వేసి అద్దెకివ్వాలి. స్టాఫ్ రూములో పీఆర్సీ తర్వాత ఎక్కువగా నడిచే ముచ్చట ఇదే. ఇందులో తప్పు లేదు. పిల్లల చదువుకు, రిటైరయ్యాక బతుక్కి ఒక ఆధారం కావాలి. మన తాతలకు భూమి ఉన్నా కాగితం లేదు, తండ్రులకు కాగితం వచ్చినా చేతిలో డబ్బు లేదు. రెండూ ఉన్న మొదటి తరం మనది. అందుకే ఎవరి దగ్గర కొంటున్నాం, ఎంతకు కొంటున్నాం అనే ప్రశ్న కూడా ముందుగా మనకే ఎదురైంది.

ముందు లెక్క చూద్దాం. పాడేరు లాంటి ఊళ్లో 20 లక్షలు పెట్టి ఇల్లు కట్టి, నెలకు 6 వేలకు అద్దెకిచ్చామనుకుందాం. ఏడాదికి 72 వేలు. మరమ్మతులు, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే వందకు మూడు రూపాయలు మిగిలితే గొప్ప. బ్యాంకుకు మనం కట్టే వడ్డీ అంతకు రెట్టింపు పైమాటే. అయినా కట్టించినవాళ్లు లాభపడ్డామనే చెబుతారు. ఆ లాభం స్థలం ధర పెరగడం వల్ల వచ్చింది, అంతకన్నా ముందు ఆ స్థలం తక్కువకు దొరకడం వల్ల వచ్చింది. తక్కువకు ఎందుకు దొరికింది?

1959 నాటి భూ బదలాయింపు చట్టాన్ని 1970లో సవరించారు. దాన్నే మనం 1/70 అంటున్నాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో పొలమైనా ఇల్లయినా గిరిజనులకో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇతరులకు బదలాయించకూడదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమతా తీర్పు ప్రభుత్వం కూడా ఈ కట్టుబాటుకు లోబడాల్సిందేనని చెప్పింది. ఈ చట్టమే లేకపోతే ఈపాటికి మన ఊళ్లలో మనం కూలీలం.

కానీ కొనేవాళ్లు తగ్గితే ధర కూడా తగ్గుతుంది. కొండమీద ఎకరం ఉన్న రైతుకు ఆసుపత్రి ఖర్చు మీద పడితే, కొనడానికి వచ్చేదెవరు? జీతం ఉన్న గిరిజనుడే. టీచరో, సచివాలయ ఉద్యోగో, చిన్న కాంట్రాక్టరో. ఆ రైతు వరసకు మనకు బావో, చిన్నాన్నో అవుతాడు. షావుకారు నుంచి ఆయన్ని కాపాడటానికి వచ్చిన చట్టమే ఆయన భూమిని మనకు చౌకగా అప్పజెబుతోంది. చట్టం దృష్టిలో మనం చేసినది సక్రమమే. మన మనసుకు కూడా అది సరిపోతుందా?

“మనం కొనకపోతే ఇంకొకరు కొంటారు, ఆయన అవసరం తీరాలి కదా మాస్టారూ” అని తోటివాళ్లు అంటారు. కొట్టిపారేసే మాట కాదిది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న మనిషికి మన నీతులెందుకు? అయితే ఆయనకు కావలసింది యాభై వేలు, పోతున్నది ఎకరం. ఆ యాభై వేలు చేబదులుగా ఇవ్వగలం. లేదా రెండు మూడు పసుపు పంటల మీద తీర్చేలా రాసుకోగలం. తాకట్టు పెట్టుకుంటే గడువు రాయాలి. గడువు లేని తాకట్టు ఎన్నేళ్లు సాగుతుందో మన ఊళ్లలో తెలియనిదెవరికి? నిజంగానే అమ్ముకోదలచినవాళ్లూ ఉంటారు. అప్పుడు ఆపద గడిచాక, ఇంటి ఆడవాళ్లను, ఎదిగిన పిల్లలను కూర్చోబెట్టి అడిగి, అదే స్థలం మనదైతే ఎంతకు అమ్ముతామో అంతకు కొందాం. లాభం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

అటవీ హక్కుల పట్టా సంగతి వేరు. 2006 చట్టం ప్రకారం అది వారసులకు వెళ్తుందే తప్ప అమ్మడానికి వీల్లేదు. తెల్లకాగితం రాయించుకుని కొన్నామనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అరకు, లంబసింగి వైపు పర్యాటకులు పెరిగాక “పేరు నీది, పెట్టుబడి మాది” అంటూ మన కుర్రాళ్లను వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. తమ్ముళ్లూ, ఇది బినామీ. 2016 సవరణ తర్వాత ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి జప్తు. జైలు మాట పక్కన పెట్టినా, మీ సంతకం ఒక్కటే 1/70కి చిల్లు పెడుతుంది.

ఇదంతా ఎందుకు, మైదానంలోనే కొనుక్కుంటాం అనేవాళ్లకు దారి తేలికే. లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రేరా నంబరు ఉండాలి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూడాలి, స్థలం దగ్గరకు స్వయంగా వెళ్లాలి. ఇంకొకటి కూడా చూడాలి. మైదానంలో పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సడలింపులు వచ్చాయి. అక్కడ భూమి పోగొట్టుకున్న దళిత రైతుదీ మన చిన్నాన్న కథే. ప్లాటు చూపించే ఏజెంటును లేఅవుట్ కాకముందు ఆ నేల ఎవరు దున్నేవారని అడుగుదాం. ఆయన చెప్పకపోతే పాత అడంగల్ తీయించి చూద్దాం, సాగుదారు పేరు అందులో ఉంటుంది.