వస్తువు ఎప్పుడు చచ్చినట్టు?

ఒక వస్తువు ఎప్పుడు చచ్చినట్టు? మనిషి విషయంలో దీనికి డాక్టరు జవాబు చెబుతాడు. పశువు విషయంలో రైతు చెబుతాడు. వస్తువు విషయంలో జవాబు చెప్పే అధికారం ఎవరిదో తేలలేదు. తయారుచేసిన కంపెనీదా, కొన్నవాడిదా, బాగుచేసేవాడిదా, ప్రభుత్వానిదా? పైకి ఇది చమత్కారం కోసం వేసిన ప్రశ్నలాగా కనపడుతుంది. కాని దీని వెనక విలువకూ శ్రమకూ సంబంధించిన ప్రశ్న వుంది. అంచేత దీన్ని నీతిశాస్త్రమూ అర్థశాస్త్రమూ కలిపి చూడవలసి వుంటుంది.

నా దగ్గర ఒక పాత కారు వుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 2002 జూన్‌లో రిజిస్టరయింది. ఇద్దరి చేతులు మారి 2016లో నా దగ్గరికి వచ్చింది. చెవిటికల్లు నుంచి కంచికచర్ల చేరి, అక్కడ హైదరాబాదు రోడ్డెక్కి, నందిగామ వైపున వున్న కాలేజీకి పోయి రావటానికి కొన్నాను. చలికాలం పొద్దున సెల్ఫ్ అందుకోదు. ఎండాకాలం మధ్యాహ్నం రేడియేటరు మరుగుతుంది. వానాకాలం లైట్లు వెలిగితే వైపర్లు ఆడవు. దాన్ని నమ్ముకుని ఫలానా వేళకు వస్తానని ఎవరికీ మాట ఇవ్వటానికి లేదు. అట్లాగని పూర్తిగా ఆగిపోవటమూ లేదు. ఇక దీని పని అయిపోయిందనుకున్న ప్రతిసారీ మెకానిక్ ఒక పైపో, ఒక రిలేనో, ఒక బుష్షో మార్చి మళ్ళీ నడిపిస్తాడు. “మాస్టారూ, ఆ డొక్కు బండిని తుక్కుకింద ఇచ్చెయ్యరాదా?” అని ఊళ్ళోవాళ్ళు అడుగుతూనే వుంటారు.

ఈ సలహాకు ఎదురు చెప్పదలచినవాళ్ళు సాధారణంగా మమకారాన్ని అడ్డం తెస్తారు. ఇన్నేళ్ళు మోసిందనీ, ఇంట్లో మనిషిలాంటిదనీ అంటారు. దసరాకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన బండిని తుక్కువాడి చేతుల్లో పెట్టటానికి ప్రాణం ఒప్పదంటారు. మా మెట్టరైతు ముసలి ఎద్దును కబేళాకు అమ్మటానికి వెనకాడితే నేను అర్థం చేసుకోగలను. ఎద్దుకు నొప్పి వుంది, భయం వుంది. కారుకు అవేవీ లేవు. మనం జాలిపడినందువల్ల దానికి ఒరిగేదీ లేదు. పైగా “బండి మొండిది, చావనంటోంది” అని మెచ్చుకున్నప్పుడు మనం ఇనుముకు సంకల్పాన్ని అంటగడుతున్నాం. ఆ ఇనుమును నడిపిస్తున్న మనుషులను మరుగుపరుస్తున్నాం. మనుషుల మధ్య సంబంధాలు వస్తువుల మధ్య సంబంధాల్లాగా కనపడటమే సరుకు మాయ అని మార్క్స్ చెప్పాడు. పాత కారు మీది మమకారం ఆ మాయకు ఇంట్లో కనిపించే రూపం.

ఇంతకూ చావవలసింది ఏది? నా కారులో 2002 నాటివి ఏం మిగిలాయని చూస్తే బాడీ, ఇంజను దిమ్మ, గేరుబాక్సు కనపడతాయి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, రేడియేటరు, పెట్రోలు పంపు, సైలెన్సరు, సీట్ల గుడ్డ అన్నీ తర్వాత వచ్చినవే. కొన్ని కొత్తవి, కొన్ని విజయవాడ ఆటోనగర్‌లో వేరే కార్ల నుంచి ఊడదీసినవి. మరి నేను నడిపేది 2002 నాటి కారేనా?

ఈ ప్రశ్న చాలా పాతది. మిళిందపన్హలో నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుణ్ణి రథం గురించి ఇదే అడుగుతాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏ ఒక్కటీ రథం కాదు. అవన్నీ ఒక తీరున కూడినప్పుడు వాడుక కోసం పెట్టుకున్న పేరు రథం. ఈ తర్కం పుట్టిన మతం మా ప్రాంతానికి పరాయిది కాదు. జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం వుంది; దాని మీదా అమరావతి స్తూపం మీదా జేమ్స్ బర్జెస్ 1887లో పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. ఐతే రవాణాశాఖకు నాగసేనుడితో పనిలేదు. చాసిస్ మీద కొట్టిన నంబరే దాని దృష్టిలో కారు.

నాగసేనుడి జవాబుకు ఒక్క మాట చేర్చాలి. భాగాలు తమంతట తాము కూడవు. మొదట ఫ్యాక్టరీలో కార్మికులు కూరుస్తారు. తర్వాత, అవి విడిపోయినప్పుడల్లా, షెడ్డులో మెకానిక్ కూరుస్తాడు. భాగాలు మారిపోయినా తెగకుండా సాగుతున్నది ఆ శ్రమ ఒక్కటే. కాబట్టి కారు చావటం లేదని మనం అనుకునేదంతా, నిజానికి, కారును ఒకరు చావనివ్వటం లేదన్న సంగతే.

ఇక చంపేవాళ్ళ సంగతి. యంత్రం రెండు రకాలుగా విలువ పోగొట్టుకుంటుందని మార్క్స్ 1867లో, పెట్టుబడి మొదటి సంపుటంలో, వివరించాడు. వాడితే అరుగుతుంది, వాడకపోతే తుప్పుపడుతుంది. ఇది భౌతికమైన తరుగుదల. ఇది కాక నైతిక తరుగుదల అని ఇంకొకటి వుంది. అదే రకం యంత్రం చౌకగా తయారైనా, అంతకంటే మెరుగైనది పోటీకి వచ్చినా, పాత యంత్రం చెక్కుచెదరకుండా వుండగానే దాని మారకపు విలువ పడిపోతుంది. అంచేత ఆ చావు రాకముందే యంత్రంచేత వీలైనంత పని చేయించుకోవాలని యజమాని ఆత్రపడతాడు. కార్మికుడి పనిదినం పొడుగవుతుంది. యంత్రానికి రాబోయే చావును మనిషి తన నిద్రతో చెల్లిస్తాడన్నమాట. ఈ సూత్రానికి ఉదాహరణ కోసం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. హైదరాబాదు రోడ్డు మీద రాత్రింబగళ్ళు తిరిగే, వాయిదాల మీద కొన్న లారీల డ్రైవర్ల కళ్ళు చూస్తే చాలు.

మార్క్స్ తర్వాతి కాలంలో ఈ చావును ముందే ఏర్పాటు చెయ్యటం నేర్చారు. 1924లో బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ అనే కూటమి కట్టాయి. బల్బు వెయ్యిగంటల దగ్గర ఆగాలని కట్టడి చేసుకున్నాయి. అంతకుమించి మన్నే బల్బులు చేసిన కంపెనీకి జరిమానా వేశాయి. ఆర్థికమాంద్యం రోజుల్లో, 1932లో, న్యూయార్కులో బెర్నార్డ్ లండన్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం వేసి ఇంకా ముందుకు పోయాడు. ప్రభుత్వమే ప్రతి వస్తువుకూ ఆయుర్దాయం నిర్ణయించాలి. గడువు తీరిన వస్తువు చట్టప్రకారం చచ్చినట్టు లెక్క. గడువు దాటినా వాడుకునేవాళ్ళ మీద పన్ను వెయ్యాలి. మాంద్యానికి ఆయన సూచించిన మందు ఇది. ఆకలితో జనం వరసల్లో నిలబడి వున్న దేశంలో, పనికొచ్చే వస్తువులను ధ్వంసం చేస్తేనే ఫ్యాక్టరీలు తిరుగుతాయన్న వాదం ఒక విజ్ఞుడికి వివేకంగా తోచిందంటే, తప్పు ఆయన ఒక్కడి బుర్రలోనే వుందనుకోను. లాభం కోసం తప్ప ఉత్పత్తి సాగని వ్యవస్థలోనే ఆ తర్కం వుంది.

మన దేశంలో 2021 ఆగస్టులో పాత వాహనాల తుక్కు విధానం ప్రారంభమైంది. 15 ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజు 600 రూపాయలుగా వుండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పాత బండిని తుక్కుకిచ్చి కొత్తది కొంటే రోడ్డు పన్నులో, సొంత కార్లకు, 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చునన్నారు. రాయితీని కొత్త బండి కొనటానికి ముడిపెట్టారు. ఉన్నదాన్ని బాగుచేయించుకుని పొగ తగ్గించుకునేవాడికి ఏమీ లేదు. ఇదంతా చదివినప్పుడు బెర్నార్డ్ లండన్ గుర్తుకు రాకమానడు.

ఐతే రెండూ ఒకటేనని తేల్చెయ్యటం న్యాయం కాదు. లండన్‌కు కావలసింది అమ్మకాలు మాత్రమే. పాత కారు విషయంలో ఊపిరితిత్తుల ప్రశ్న కూడా వుంది. నా కారు తయారైన తర్వాత పొగ ప్రమాణాలు ఎంతో కఠినమయ్యాయి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 అమలుకు వచ్చాయి. నా కారు వదిలే పొగను నేను పీల్చను. వెనక సైకిలు మీద వచ్చేవాడు పీలుస్తాడు. రోడ్డు పక్క పుచ్చకాయలు పెట్టుకుని కూచున్న మనిషి పీలుస్తుంది. నా బ్రేకు అందకపోతే దెబ్బతినేది కూడా రోడ్డు దాటే మనిషే. “నా బండి, నా ఇష్టం” అనే మాట సొంతాస్తి హక్కుకు సంబంధించిన మాట. అభ్యుదయవాదులం అనుకునేవాళ్ళు ఆ మాట వెనక దాక్కోవటం బాగుండదు. పొదుపు నాదీ, దగ్గు ఇంకొకరిదీ అయినప్పుడు ఆ పొదుపులో నీతి లేదు.

కాబట్టి పరీక్ష వుండవలసిందే. కాని పరీక్ష వేరు, పంచాంగం వేరు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళూ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళూ తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు వయసునే కొలబద్ద చేసింది. రోజుకు రెండువందల మైళ్ళు తిరిగిన అయిదేళ్ళ బండీ, వారానికి రెండుసార్లు కదిలే ఇరవై ఏళ్ళ బండీ వయసు చేత తూగవు. పొగ కొలవవచ్చు, బ్రేకు కొలవవచ్చు. అవి కొలవగా వచ్చిన చావు తీర్పును ఒప్పుకోవాలి. అలాగే కొత్త కారు ఆకాశం నుంచి ఊడిపడదని కూడా గుర్తుంచుకోవాలి. దాని ఉక్కు కోసం ఎక్కడో గని తవ్వుతారు, ఎక్కడో బొగ్గు కాలుస్తారు. ఆ పొగ మన రోడ్డు మీద కనపడదు గనక లేదనుకోకూడదు.

ఇంతవరకూ వచ్చిన తర్వాత అసలు ప్రశ్న మిగులుతుంది. ఇంత కాలం ఈ కారు బతకటం సాధ్యమెట్లా అయింది? జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. కృష్ణ ఒడ్డున ఇసుక. రెంటినీ మోసే లారీలు వున్నాయి గనక వాటిని బాగుచేసే షెడ్లూ వున్నాయి. ఆ షెడ్డులో ఒక పూట నిలబడి చూడండి. పార్టు ధర బిల్లు మీద అచ్చయి వస్తుంది. దాని దగ్గర యజమాని నోరెత్తడు. లేబర్ అనేసరికి బేరం మొదలుపెడతాడు. చెయ్యి నల్లబడి, బండి కింద రెండు గంటలు పడుకుని లేచినవాడి కూలి దగ్గరే మన పొదుపు బుద్ధి మేలుకుంటుంది. కొత్త బండి ధరతో పోలిస్తే ఈ శ్రమ చౌక. పాత కారు దీర్ఘాయుష్షుకు ఇదే మూలం. బాగుచేసే శ్రమ ఖరీదైన దేశాల్లో ఇంతకంటే గట్టి కార్లు ఇంతకంటే ముందే తుక్కయిపోతాయి.

దీనికి ఇంకో ముఖం క్యూబాలో కనపడుతుంది. 1962లో అమెరికా పూర్తి ఆంక్షలు పెట్టిన తర్వాత అక్కడివాళ్ళు పాత అమెరికన్ కార్లకు సోవియట్ ఇంజన్లు బిగించి దశాబ్దాల తరబడి నడిపారు. దాన్ని ప్రజల ప్రతిభ అని పొగడవచ్చు, పొగడాలి కూడా. కాని అది లేమి నేర్పిన ప్రతిభ. లేమినే ఆదర్శం చేసి చూపటం, కడుపు నిండినవాడు ఉపవాసాన్ని మెచ్చుకోవటంలాంటిది.

2021 ఆగస్టులో చెవిటికల్లు దగ్గర ఇసుక కోసం కృష్ణలో దిగిన లారీలు, వందకు పైగా, ఒక్కసారిగా పెరిగిన వరదలో చిక్కుకున్నాయి. పడవలు వేసి ముందు డ్రైవర్లనూ క్లీనర్లనూ ఒడ్డుకు చేర్చారు. లారీలు నీళ్ళలో నిలిచాయి. వాటిలో ఏది కొత్తది, ఏది పాతది, దేని విలువ ఎంత అని ఆ సమయంలో ఎవరూ లెక్కపెట్టరు. వరదలో అందరికీ తెలిసే ఈ వరస మామూలు రోజుల్లో ఎందుకు తారుమారవుతుంది? లారీ ఆగకూడదని డ్రైవరు నిద్ర ఆపుకోవటం, కారు బతకాలని మెకానిక్ కూలి తగ్గటం, కొత్తవి అమ్ముడుపోవాలని పాతవి చావటం, ఈ మూడూ ఆ తారుమారుకు మూడు రూపాలు.

వస్తువు చావు తీర్పు కంపెనీ అమ్మకాల శాఖకు వదలకూడదు, యజమాని మమకారానికీ వదలకూడదు. దాన్ని బాగుచేసేవాడి తెలివి, దాని పక్కన నడిచేవాడి క్షేమం, ఈ రెండే తీర్పుకు ఆధారాలు కావాలి. ఇందుకు విడిభాగాలూ మరమ్మతు వివరాలూ ఏ షెడ్డుకైనా అందాలి. మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసి, వాహనాలను కూడా అందులో చేర్చింది. మన సంఘాలు ఈ విషయాన్ని పట్టించుకోవాలి. షెడ్డు కూలికి ఒక న్యాయమైన రేటు, ప్రమాదానికి బీమా అడగాలి. పల్లెకు వేళకు బస్సు వస్తే నాలాంటివాళ్ళకు కారు ప్రశ్నే సగం తీరిపోతుందన్నది కూడా మరవకూడదు.

నా కారు రిజిస్ట్రేషన్ గడువు 2027 జూన్‌లో తీరుతుంది. పొగా బ్రేకూ పరీక్షకు నిలిస్తే ఫీజు కట్టి మరో ఐదేళ్ళు నడుపుతాను. నిలవకపోతే పనికొచ్చే భాగాలు వేరే బళ్ళకు పోయేటట్టు చూసి తుక్కుకిస్తాను. రెంటిలో ఏది జరిగినా, ఆ రోజుకు మెకానిక్‌కు నేను బాకీ వుండకూడదు.