చూడని పక్షికి మనము ఋణస్థులమా?



కలివికోడి అను పక్షిపేరు మీలో కొందరైనను వినియుందురు. అది కడప జిల్లా లంకమల కొండలయొద్ద ముళ్లపొదల అడవికి చెందినది. పగలు పొదలమాటున దాగి, రాత్రివేళ నేలమీద తిరుగుచు పురుగులను తినును. 1900 తరువాత అది ఎవరికిని కనబడనందున, నశించినదని పండితులు తలంచిరి. అయితే 1986లో కడప ప్రాంతముననే మరల దొరకెను. దానిని కాపాడుటకై 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. తెలుగుగంగ కాలువ దారిని సయితము దానికొరకు మార్చిరి.

ఇట్టి అభయారణ్యములను ఇంకను విస్తరింపవలెనని పలువురు కోరుచున్నారు. అప్పుడు మేకలకాపరి అడుగును: “అయ్యా, నేనెన్నడును చూడని పక్షికొరకు నా మేకల మేతను ఎందుకు విడువవలెను?” ఇది మూర్ఖుని ప్రశ్న కాదు. ఆకలిగొన్నవాని ప్రశ్న. దీనిని త్రోసివేయుట న్యాయము కాదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములను చదువుడి. త్రోవలో గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది. ఆకలి తీర్చుకొనుటకు సెలవు కలదు, గూడునే లేకుండ చేయుటకు సెలవు లేదు. వాడుకొనుట వేరు, తుడిచివేయుట వేరు. ఒకసారి పోయిన జాతిని మనము తిరిగి చేయలేము గదా! పక్షి మనకు ఉపయోగపడునా అని అడుగుటకు ముందు, దానిని మనము చేసితిమా అని అడుగవలెను.

అయితే కాపాడుట యనగా మనుష్యులను వెళ్లగొట్టుట యని తలంపవద్దు. కలివికోడి దట్టమైన అడవిలోను ఉండదు, బోడినేలలోను ఉండదు. పొదలు, వాటి నడుమ ఖాళీనేల, ఈ రెండును దానికి కావలెను. పొదలన్నియు నరికి తోటలు వేసినయెడల దానికి చోటు లేదు. మితముగా మేయు పశువులవలన నేల తెరపిగా నుండునని పరిశోధకులు తలంచుచున్నారు. కాబట్టి కాపరి ఆ పక్షికి శత్రువు కానక్కరలేదు.

మరియొక సంగతి. అడవి నిలిచినందుకు మెప్పు పట్టణములకును, నష్టము పల్లెలకును కలిగినయెడల అది ధర్మము కాదు. అడవిలో నివసించువారి హక్కులను నిర్ణయించుటలో గ్రామసభకు పాత్ర కలదని 2006 నాటి అటవీహక్కుల చట్టము చెప్పుచున్నది. మీ ఊరి సరిహద్దున అభయారణ్యపు గుర్తులు నాటుటకు అధికారులు వచ్చినప్పుడు మౌనముగా నుండవద్దు, కోపముతో రాళ్లు పెరికివేయవద్దు. గ్రామసభకు వెళ్లి రెండు ప్రశ్నలు అడుగుడి: పక్షికి చాలినన్ని పొదలు మిగులునా? బీదవాని మేకకు చాలినంత మేత మిగులునా? ఈ రెంటికిని జవాబు వచ్చువరకు ఓపికతో అడుగుచునే యుండుడి.