మన పితరుల సమాధులు

మూలవాక్యము: నెహెమ్యా 2:3



షూషను కోటలో రాజునకు ద్రాక్షారసమందించు నెహెమ్యా ముఖము ఒకనాడు చిన్నబోయెను. కారణమడిగిన రాజుతో అతడు మొదట చెప్పినది, తన పితరుల సమాధులున్న పట్టణము పాడైనదనియే. కాలిపోయిన గుమ్మముల మాట ఆ తరువాత వచ్చెను. సమాధులను గూర్చి దుఃఖించుట విశ్వాసికి తగని పని కాదు.

మన మచిలీపట్టణమును చూడుడి. అచ్చట డచ్చి వర్తకుల సమాధుల తోట యున్నది. 17వ శతాబ్దపు రాళ్లమీద పేర్లును వంశచిహ్నములును చెక్కబడియున్నవి. అలెగ్జాండర్ రే అను పురావస్తు అధికారి వాటిని గూర్చి 1897లో గ్రంథము ప్రకటించెను. నేడు ఆ తోట కేంద్ర పురావస్తు శాఖ కాపుదలలో నున్నది. అదే పట్టణమును 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన ముంచివేసెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. వర్తకుని పేరు రాతిమీద నిలిచినది. ఆ రాత్రి కొట్టుకొనిపోయిన కూలివాని పేరు ఎవరు చెక్కిరి?

మన పల్లెలలోను ఇట్లే గదా! మొదటి విశ్వాసులలో అనేకులకు మట్టిదిబ్బయు కొయ్య సిలువయు తప్ప మరేమియు లేకుండెను. సిలువను చెదలు తినెను, దిబ్బను వాన కరగించెను. వారి పేర్లెరిగిన ముసలివారును ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు.

కాబట్టి ఆలస్యము చేయకుడి. ముండ్లకంపలు నరికించుడి. సమాధిలో నాటుకొన్న చెట్టును పెరికివేయకుడి, రాయి పగులును, మొదలంట కోయుడి. రాతిని నీళ్లతో, మెత్తని కుంచెతో కడుగుడి. ఇనుప బ్రష్షు గాని ఆసిడు గాని తగులనీయకుడి, అక్షరములమీద సున్నము పూయకుడి. ఉదయపు ఏటవాలు ఎండలో చెరిగిన అక్షరములు తేటపడును. అప్పుడు ఫొటో తీయుడి. వరుసల పటము గీసి, ఉన్నది ఉన్నట్లు సంఘపు పుస్తకములో వ్రాయుడి. రాయి లేనివారి పేర్లు పెద్దలనడిగి చేర్చుడి. ఆ పుస్తకములో ఆసామికిని పాలేరుకును ఒకే విధమైన వరుస యుండవలెను.

అయితే ప్రవక్తల సమాధులను అలంకరించుచు వారి మార్గమును విడిచినవారిని ప్రభువు గద్దించెను (మత్తయి 23:29). సమాధిని బాగుచేసి, దానిలోనున్నవాని బీద మనుమని గడప త్రొక్కనివారికి ఆ గద్దింపే వర్తించును.

దేవునికి మన పుస్తకము అవసరము లేదు. తనవారిని ఆయన తన అరచేతులమీదనే చెక్కుకొనియున్నాడు (యెషయా 49:16). అది మన పిల్లలకు అవసరము. యొర్దాను రాళ్లను చూచి పిల్లలు అడుగుదురని యెహోషువ ముందే చెప్పెను (యెహోషువ 4:6). మన పిల్లలు అడుగునప్పుడు చెప్పుటకు మనయొద్ద పేర్లుండును గాక. ఆమేన్.