నూరడుగుల చోటు



తిరుమల చేరిన భక్తులు ముందుగా స్వామి పుష్కరిణీ తీరమున వెలసిన ఆదివరాహస్వామిని సేవించి, పిమ్మట శ్రీనివాసుని దర్శించుట సంప్రదాయము. దీనికి మూలమైన కథ మనకందరకు తెలిసినదే. లక్ష్మీదేవి అలిగి వెడలిపోగా, వైకుంఠమును వీడి వచ్చిన శ్రీహరి వేంకటాచలమున నిలువ నీడలేక పుట్టలో తలదాచుకొనెను. ఆ క్షేత్రము వరాహస్వామిది. నూరడుగుల చోటిమ్మని శ్రీనివాసుడు అర్థింప, వెల యేమిచ్చెదవని ఆయన యడిగెను. సిరి తనను వీడినదని శ్రీనివాసుడు ఉన్నమాట చెప్పి, ప్రథమ దర్శనము, ప్రథమ పూజ, ప్రథమ నైవేద్యము వరాహస్వామికే జరుగునట్లు మాట యిచ్చెను. వరాహస్వామి అంగీకరించి చోటిచ్చెను. అన్నము పెట్టుటకు వకుళాదేవిని కూడ పంపెను.

ఇందలి ధర్మమును గమనింపుడు. స్థలము గలవాడు వెల యడుగుట తప్పు కాదు. కాని ఎదుటివానికి లేదని తెలిసినపుడు, అతడు ఇయ్యగలిగిన దానితో తృప్తిపడుట దైవలక్షణము.

నేడు పట్టణములలో కూలిపని చేయువారు, ఆటో నడుపువారు, ఇండ్లలో పాచిపని చేయు తల్లులు ఒక్క గదికై వీధి వీధి తిరుగుచున్నారు. సంపాదనలో పెద్దపాలు అద్దెకే పోవును. అడ్వాన్సునకు అప్పు చేయవలెను. కులమేమియని అడుగువారికి బదులు చెప్పవలెను. వీటన్నిటికంటె మనస్సును కలచునది వేరొకటి కలదు. అద్దెకున్న వారింట ఎవరైన కాలము చేసినచో, ఆసుపత్రి నుండి తెచ్చిన దేహమును గుమ్మము దాటనీయని యజమానులున్నారు. కన్నతండ్రి శవమును వీధిలో టెంటు క్రింద ఉంచుకొని ఆ బిడ్డలు రాత్రియంతయు ఏడ్చుచుందురు.

మైల యను భయమే దీనికి కారణము. మరణాశౌచము జ్ఞాతులకని పెద్దలు చెప్పుదురు. ఇల్లు అద్దెకిచ్చినంత మాత్రమున యజమాని జ్ఞాతి కాడు. గృహశుద్ధికి పుణ్యాహవాచనము కలదు. దుఃఖితుని వీధిలో నిలిపిన దోషమునకు ఏ శుద్ధి కలదు? శ్రీరామచంద్రుడు పక్షియైన జటాయువునకు స్వయముగ అంత్యక్రియలు జరిపెను. పెరియనంబి కులమెంచక మాఱనేరినంబికి ఆ సంస్కారమే చేసెను. మనము వారి అడుగుజాడల వారమే కదా!

ప్రభుత్వములును కొంత చేయుచున్నవి. 2021లో కేంద్రము రూపొందించిన నమూనా అద్దె చట్టము, నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనుచున్నది. రాష్ట్రములు స్వీకరించిననే అది అమలగును. 2024లో మొదలైన ప్రధానమంత్రి పట్టణ ఆవాస యోజన రెండవ విడతలో పేదల అద్దె యిండ్లకు ప్రత్యేక విభాగము కలదు. కాని ఆపదలో గుమ్మము తెరచుట ఏ చట్టము వలనను కాదు. అది గృహస్థుని చేతిలోనిది.

కావున వాటా యున్నవారు ఒక్కటైనను పేద కుటుంబమునకు తగిన అద్దెకిండు. కష్టమాసమున గడువిండు. అద్దెకున్నవారును మాట తప్పకుండుడు. శ్రీనివాసుడు తన మాటను నేటికిని నిలుపుకొనుచునే యున్నాడు.

ఈమారు వరాహస్వామి సన్నిధిని నిలిచినపుడు, మన యింటి తలుపును ఒకసారి తలచుకొందము. నూరడుగుల చోటడిగిన స్వామి మనకు చోటిచ్చు మనస్సును ప్రసాదించుగాక!